ఐబీ, డీఆర్‌డీఓ, ఇస్రో, అణుశక్తి శాఖ: పోలీసు విచారణ దాటాల్సిన కొలువుల్లో మీకు సరిపోయేది ఏది?

సూళ్లూరుపేటలో పొద్దున్నే షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) బస్సులు వరసగా పులికాట్ రోడ్డెక్కడం చూస్తూ పెరిగాను. ఇప్పుడు అదే ఊళ్లో డిగ్రీ, డిప్లొమా పిల్లలకు లెక్కలూ రీజనింగూ చెబుతున్నాను. ఫలితాలు వచ్చిన రోజు స్వీటు డబ్బాతో వచ్చిన పిల్లాడే కొన్ని నెలలకు మొహం వేలాడేసుకుని వస్తాడు. "సార్, అటెస్టేషన్ ఫారం ఇచ్చారు. కేసుల కాలమ్‌లో ఏం రాయమంటారు?" పరీక్షకు రెండేళ్లు చదివిన పిల్లలు, పోలీసు విచారణకు ఆధారమయ్యే ఆ ఫారం గురించి రెండు నిమిషాలైనా ఆలోచించి ఉండరు.

అందుకే నిఘా సంస్థ ఐబీ, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, అంతరిక్ష సంస్థ ఇస్రో, అణుశక్తి శాఖ, ఈ నాలుగింటిలో ఏదో ఒక కొలువు ఎంచుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సిలబస్ కంటే ముందు ఆ ఫారం చదవండి. మీ జీవితాన్ని ఉన్నదున్నట్టు అందులో రాయగలరా? చేరాక ఆ ఉద్యోగం అడిగే నోటి కట్టుబాటుతో ముప్ఫై ఏళ్లు బతకగలరా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎటు వెళ్లాలో సగం తేలిపోతుంది. మిగతా సగం చదువు, వయసు, ఊరు.

## దేన్ని బట్టి పోల్చాలి

అమెరికాలో ఉన్న బంధువులు సెక్యూరిటీ క్లియరెన్స్ అనడం విని, మన దగ్గరా అలాంటి కాగితం ఒకటి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అక్కడ కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మెట్లున్నాయి. మన ఉద్యోగార్థికి ఎదురయ్యేది వేరు. పోస్టుకు ఎంపికయ్యాక, మీ నడవడికా పూర్వాపరాలూ విచారించమని ఆ సంస్థ ప్రభుత్వ యంత్రాంగానికి రాస్తుంది. ఆ కాగితం జిల్లాకు వస్తుంది, అక్కణ్ణుంచి స్పెషల్ బ్రాంచ్ చేతికి, చివరకు మీ వీధిలోకి. ఒక సంస్థలో దాటిన విచారణను ఇంకో సంస్థకు చూపించి సరిపెట్టుకోవచ్చని అనుకోవద్దు. మామూలుగా కొత్త కొలువుకు కొత్త విచారణే.

పోల్చేటప్పుడు నేను చూసేవి ఇవి. ఏ చదువుతో లోపలికి వెళ్లొచ్చు, ఏ పరీక్ష రాయాలి? విచారణ ఎంత లోతుగా ఉంటుంది? పోస్టింగు ఎక్కడ పడుతుంది, బదిలీలు ఎలా ఉంటాయి? చేరాక పాస్‌పోర్టు, విదేశీ ప్రయాణం, సోషల్ మీడియా, పని గురించి మాట్లాడటం మీద ఎన్ని కట్టుబాట్లు? నచ్చకపోతే బయటికి రావడం ఎంత కష్టం? జీతం ఆఖర్న పెట్టాను. ఒకే స్థాయి పోస్టుల మధ్య ఏడో వేతన సంఘం లెక్కలో మూలవేతనం తేడా పెద్దగా ఉండదు కాబట్టి.

## ముందుగా ఆ ఫారం

అటెస్టేషన్ ఫారం మీద మొట్టమొదట ఉండేది హెచ్చరిక: అబద్ధం రాసినా, వాస్తవం దాచినా అనర్హులవుతారు. తరవాత అడిగేవి ఇవీ: గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చిరునామా, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల జాతీయత, పుట్టిన ఊరు, వృత్తి, చిరునామా, చదివిన బడులు, కాలేజీలు, ఇంతకుముందు చేసిన ఉద్యోగాలు, మానేసిన కారణం, అరెస్టు, ప్రాసిక్యూషన్, నిర్బంధం, బైండోవర్ (గొడవలకు పోమని అధికారి ముందు బాండు రాయించుకోవడం), కోర్టు జరిమానా, శిక్ష, ఏదైనా పెండింగు కేసు, పరీక్షల నుంచి డిబార్ అయ్యారా, కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యారా. చివర్లో మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు బాధ్యతగల వ్యక్తుల పేర్లు.

చదువుతుంటే మామూలుగానే అనిపిస్తుంది. మన పిల్లలు ఇరుక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది హాస్టల్ చిరునామా. అశోక్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో కోచింగుకని ఏడాదిన్నర ఉంటారు. అది ఫారంలో రాయాల్సిందే. విచారణ అక్కడికీ వెళ్తుంది. హాస్టల్ ఓనరు మారిపోయి ఉంటాడు, కొత్తాయన "ఆ పేరుతో ఎవరూ లేరు" అంటాడు. ఫైలు అక్కడే ఆగుతుంది. నెలనెలా డబ్బు కట్టిన రసీదులో, ఫోన్‌పే చెల్లింపుల వివరాలో దాచుకోండి. బెంగళూరు పీజీలకూ ఇదే మాట.

రెండోది ఊరి పేరు. తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫైమూడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. మా సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పదో తరగతి మెమోలో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా ఉంటే, కాగితం తప్పు ఎస్పీ ఆఫీసుకు వెళ్లి తిరిగి రావడానికే రెండు నెలలు పడుతుంది. పాత జిల్లా, కొత్త జిల్లా, ఇప్పటి పోలీస్ స్టేషన్ పేరు స్పష్టంగా రాయండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా ఉండటం మన దగ్గర మరీ ఎక్కువ. ఫారం రాకముందే దాన్ని సరిచేయించుకోండి.

మూడోది, అన్నిటికంటే ప్రమాదమైనది, "అది కేసే కాదులే" అనుకోవడం. పల్లెల్లో ఎన్నికల ముందు ఇరువర్గాల కుర్రాళ్లను పిలిచి తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. సంతకం పెట్టి ఇంటికొచ్చి మరిచిపోతారు. ఫారంలో దానికి ప్రత్యేకంగా ప్రశ్న ఉంది. అన్నా వదినల గొడవలో వరకట్నం కేసు పెడితే ఎఫ్ఐఆర్‌లో అత్తమామలతో పాటు మరిది పేరూ, ఆడపడుచు పేరూ ఎక్కుతాయి. ఆ మరిది మీరైతే మీరు నిందితులే. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో కోర్టుకు వెళ్లి కట్టినది కోర్టు జరిమానా. ఆన్‌లైన్‌లో కట్టిన మామూలు ఈ-చలానా సంగతి వేరు, ఫారం అడిగేది కోర్టు విధించిన జరిమానా గురించి.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఇంటర్‌లో ఉండగా క్రికెట్ దగ్గర కొట్లాట జరిగింది, కేసయింది, లోక్ అదాలత్‌లో రాజీ పడ్డారు. రాజీ అయింది కాబట్టి కేసు లేనట్టే అనుకుని ఫారంలో "లేదు" అని రాశాడు. స్టేషన్ రికార్డులో మాత్రం ఉంది. ఉద్యోగం పోయింది. ఆ కొట్లాట ఒక్కటే అయితే అతన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. "లేదు" అన్న రెండక్షరాలే పోగొట్టాయి.

చట్టం కూడా దాదాపు ఈ మాటే చెబుతుంది. 2016 జులై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీని మీద సూత్రాలు పెట్టింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయాన్ని దాచినా యజమాని క్షమించవచ్చు. తీవ్రమైనది దాస్తే తీసేయవచ్చు. ఉన్నది నిజంగా చెప్పినా, పూర్వాపరాలు చూసి తీసుకోవాలా వద్దా అని నిర్ణయించే హక్కు యజమానికి ఉంటుంది. ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. నిజం చెబితే ఉద్యోగం ఖాయమని కాదు, అవకాశం బతికి ఉంటుందని మాత్రమే. అలాగే, ఫారం అడగనిది చెప్పలేదని శిక్షించకూడదు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపిక కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇదే అంది. ఆ ఫారం శిక్ష పడిందా అని అడిగింది, అరెస్టు గురించి అడగలేదు, కాబట్టి చెప్పకపోవడం దాచడం కాదంది. ఒక్కో సంస్థ ఫారంలో ప్రశ్న ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి.

## నాలుగు దారులు ఒక్క చూపులో

| | ఐబీ | డీఆర్‌డీఓ | ఇస్రో | అణుశక్తి శాఖ |
|---|---|---|---|---|
| పెద్ద తలుపు | ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) గ్రేడ్-2: ఏదైనా డిగ్రీ, 18–27 ఏళ్లు | సైంటిస్ట్ బి: ఇంజినీరింగ్ లేదా సైన్సు పీజీ, గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు | సైంటిస్ట్/ఇంజినీర్ ఎస్‌సీ: బీటెక్ 65 శాతం | బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్: బీటెక్ లేదా ఎమ్మెస్సీ 60 శాతం |
| మొదటి మూలవేతనం | 44,900 | 56,100 | 56,100 | శిక్షణ తరవాత 56,100 |
| చిన్న తలుపు | సెక్యూరిటీ అసిస్టెంట్: పదో తరగతి, 21,700 | టెక్నీషియన్ ఎ: ఐటీఐ, 19,900 | టెక్నీషియన్ బి: పదో తరగతి, ఐటీఐ, 21,700 | స్టైపెండరీ ట్రైనీ: డిప్లొమా, బీఎస్సీ, ఐటీఐ |
| తెలుగు నేల మీద చోట్లు | హైదరాబాద్, విజయవాడ అనుబంధ కార్యాలయాలు | హైదరాబాద్ ప్రయోగశాలలు, విశాఖ | శ్రీహరికోట, హైదరాబాద్ | హైదరాబాద్, మణుగూరు, అచ్యుతాపురం |
| బదిలీ | దేశమంతా | తక్కువ | తక్కువ | తక్కువ |
| నోటి కట్టుబాటు | అన్నిటికంటే ఎక్కువ | ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

వయోపరిమితులూ పోస్టుల సంఖ్యా ప్రతి నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి, అవి అక్కడే చూసుకోండి. ఇస్రో పోస్టు పేరులో ఉన్న ఎస్‌సీ హోదా పేరు, రిజర్వేషన్ వర్గం కాదు. ఇది అడిగేవాళ్లు నాకు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

## ఐబీ: విచారణ చేసేవాళ్ల దగ్గరే ఉద్యోగం

ఇంటెలిజెన్స్ బ్యూరో కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తుంది. బీకాం, బీఏ చదివినవాళ్లకు ఈ నాలుగింటిలో తెరిచి ఉన్న పెద్ద తలుపు ఇదొక్కటే. ఏసీఐఓకి మొదట గంట సేపట్లో వంద ప్రశ్నలు, తరవాత రాతపూర్వక పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. మూలవేతనం మీద ఇరవై శాతం ప్రత్యేక భద్రతా భత్యం ఉంటుంది కాబట్టి చేతికొచ్చేది అదే స్థాయి ఇతర ఉద్యోగాల కంటే కొంచెం ఎక్కువే. సెక్యూరిటీ అసిస్టెంట్‌కు పదో తరగతి చాలు. స్థానిక భాష తెలిసి ఉండాలి, నివాస ధ్రువపత్రం కావాలి. తెలుగు బాగా చదివి రాయగల పల్లెటూరి పిల్లలకు ఇది నిజమైన అవకాశం.

కానీ మిమ్మల్ని తూచేది తూచడమే వృత్తిగా ఉన్న సంస్థ. మీరెవరు, ఎవరితో తిరుగుతారు, ఇంట్లో పరిస్థితి ఏమిటి అన్నది వాళ్లు ఊరికే కాగితం మీద చూసి వదలరు. చేరాక కట్టుబాట్లూ ఇక్కడే ఎక్కువ. 1985లో నిఘా సంస్థల ఉద్యోగుల హక్కులను పరిమితం చేస్తూ ప్రత్యేక చట్టమే వచ్చింది. సంఘాలు పెట్టుకోవడం, పత్రికలతో మాట్లాడటం దాని పరిధిలోకి వస్తాయి. 2021లో సవరించిన పింఛను నిబంధనల ప్రకారం, రిటైరయ్యాక కూడా సంస్థ పనికి సంబంధించిన సంగతులు అనుమతి లేకుండా ప్రచురించకూడదు. ఈ నిబంధన డీఆర్‌డీఓకూ వర్తిస్తుంది.

ఇంకోటి, చదివేవాళ్లు తేలిగ్గా తీసుకునేది: బదిలీ. పోస్టింగు దేశంలో ఎక్కడైనా పడవచ్చు. ఏం చేస్తున్నావని చుట్టాలు అడిగితే "సెంట్రల్ గవర్నమెంట్" అని ఊరుకోగలిగిన మనిషికే ఇది హాయి. పెళ్లిచూపుల్లో కూడా వివరంగా చెప్పుకోలేని ఉద్యోగం ఇదని అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో ఒకరికి ఈ పేరు చెబితే వారంలో ఊరంతా తెలిసే కుటుంబాలు మనవి. ఐబీలో ఎంపికైన విషయం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలనిపించే స్వభావం ఉంటే మిగతా మూడింటి వైపు చూడండి, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

## డీఆర్‌డీఓ: హైదరాబాద్ వదలకుండా

ఇల్లు హైదరాబాద్‌లో ఉండి, గేట్ బాగా వచ్చినవాళ్లకు నా మొదటి ఓటు ఇదే. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్, డీఎంఆర్‌ఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ ప్రయోగశాలలన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి. విశాఖలో నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది. సైంటిస్ట్ బి ఎంపికలో మామూలుగా గేట్ స్కోరుకు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం బరువు. ఇంటర్వ్యూలంటే నాలుక తడబడే పిల్లలకు ఈ లెక్క మేలు. డిప్లొమా, బీఎస్సీ, ఐటీఐ వాళ్లకు డీఆర్‌డీఓ నియామక విభాగం సెప్టామ్ పెట్టే పరీక్షలు.

కట్టుబాట్ల విషయంలో ఇక్కడ తీవ్రత నిజమైనదే. 2022 జూన్‌లో, హైదరాబాద్‌లోని రక్షణ ప్రయోగశాలలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఒక ఇంజినీరు ఫేస్‌బుక్ పరిచయం ద్వారా క్షిపణి సమాచారం పంపాడన్న ఆరోపణపై రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. కాంట్రాక్టు ఉద్యోగికైనా అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం 1923 నాటిది, ఇప్పటికీ పదునుగానే ఉంది. అప్రెంటిస్‌గానో ప్రాజెక్టు మీదో వెళ్లే విద్యార్థులు ల్యాబు గేటు దగ్గర సెల్ఫీ దిగి పెట్టడం నేను చూశాను. దయచేసి వద్దు.

## ఇస్రో: మా ఊరి దారి

దీని గురించి నిష్పక్షపాతంగా రాయడం నాకు కష్టం. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. మా వీధుల్లో సగం ఇళ్ల బతుకు అప్పటి నుంచీ ఆ దీవితోనే ముడిపడి ఉంది. అయినా చెప్పాల్సినవి చెబుతాను.

నాలుగింటిలో పని గురించి గర్వంగా బయటికి చెప్పుకోగలిగింది ఇదే. ప్రయోగం రోజున మీ అమ్మానాన్నలు టీవీలో చూస్తారు. సైంటిస్ట్ పోస్టులకు ఒక్కోసారి ఇస్రో సొంత రాతపరీక్ష, ఈ మధ్య కొన్ని నోటిఫికేషన్లలో గేట్ స్కోరు. టెక్నీషియన్, టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులను కేంద్రాలే విడివిడిగా ప్రకటిస్తాయి. షార్ నోటిఫికేషన్ అయితే శ్రీహరికోటే. ఎస్‌సీ పోస్టు అయితే తిరువనంతపురం, బెంగళూరు, అహ్మదాబాద్, మహేంద్రగిరి ఎక్కడైనా పడవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్నా, కోరుకున్నవాళ్లందరికీ అది రాదు.

విచారణ మామూలు పద్ధతిలోనే జిల్లా ద్వారా సాగుతుంది. అయితే అనుమానం అనేది మనిషిని ఏం చేస్తుందో ఈ సంస్థ చరిత్రలోనే ఉంది. 1994లో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. 1996లో సీబీఐ అవి నిరాధారమని తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల పరిహారం ఇవ్వమంది. ఇరవై నాలుగేళ్లు పట్టింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. విదేశీ పరిచయాల విషయంలో ముందే తెలియజేసి, అనుమతి కాగితం చేతిలో ఉంచుకోవడం మీ రక్షణ కోసమే అని చెప్పడానికి.

## అణుశక్తి శాఖ: చదువు కొనసాగించాలనుకునేవాళ్లకు

బార్క్ ట్రైనింగ్ స్కూల్ 1957 నుంచి నడుస్తోంది. బీటెక్ లేదా ఎమ్మెస్సీ తరవాత ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఇస్తూ చదివిస్తారు, ఆ పైన సైంటిఫిక్ ఆఫీసర్ సి. పరీక్షో గేట్ స్కోరో ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ మీదే. సబ్జెక్టు లోతుగా తెలిసి, బల్ల ముందు గంట సేపు వాదించగల పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదు. బట్టీ చదువు ఇక్కడ నిలబడదు.

చేరితే కనీసం మూడేళ్లు పనిచేస్తానని బాండు రాయాలి. రెండేళ్లలో విదేశీ పీహెచ్‌డీకి వెళ్దామన్న ఆలోచన ఉంటే బాండు చదివి సంతకం పెట్టండి. హైదరాబాద్ మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మణుగూరులో భారజల కర్మాగారం ఉన్నాయి. బీఎస్సీ, డిప్లొమా, ఐటీఐ వాళ్లకు స్టైపెండరీ ట్రైనీ దారి నిజంగా మంచిది, కానీ ఆ సంగతి మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు.

## మీరు ఎలాంటివాళ్లు?

అన్నయ్యో అక్కయ్యో అమెరికాలో ఉన్నారా? మన ఇళ్లలో ఇది నూటికి యాభై మందికి వచ్చే సందేహం. తోబుట్టువు గ్రీన్‌కార్డు మీద ఉన్నా, పౌరసత్వం తీసుకున్నా రాయండి. అది నేరం కాదు, దానంతట అదే అనర్హతా కాదు. దాస్తేనే అనుమానం. కానీ మీ సొంత భవిష్యత్తు సంగతి ఆలోచించండి. ప్రభుత్వ ఉద్యోగి విదేశానికి వెళ్లాలంటే శాఖ అనుమతి తీసుకోవాలి, పాస్‌పోర్టుకు శాఖకు తెలియజేసిన పత్రం కావాలి, విదేశీయుల్ని పెళ్లి చేసుకుంటే ప్రభుత్వానికి చెప్పాలి. రెండేళ్లలో ఎంఎస్‌కు వెళ్లే ఆలోచన మనసులో ఉన్నవాళ్లు ఐబీ, అణుశక్తి వైపు వెళ్లి సీటు వృథా చేసుకోవద్దు.

కేసు ఉన్నవాళ్లకు: ముందు మీ మీద ఏముందో తెలుసుకోండి. ఈ-కోర్ట్స్ సైటులో పేరుతో వెతకవచ్చు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు లేదా రాజీ ఉత్తర్వుల ధ్రువీకృత నకళ్లు తెచ్చుకోండి. ఫారంలో "అవును" అని రాసి, కేసు నంబరు, కోర్టు, ఏమైందన్నది రెండు వాక్యాల్లో రాసి నకలు జతచేయండి. నా దగ్గర చదివిన ఇంకో అబ్బాయి అలాగే చేశాడు. మొదట ఒక సంస్థ తీసుకోలేదు. మరుసటి ఏడాది అవే కాగితాలతో వేరే సంస్థలో చేరాడు. కాబట్టి కేసు ఉన్నవాళ్లు ఒక్క ఐబీ మీదే ఆశ పెట్టుకోకుండా రెండు మూడు చోట్ల దరఖాస్తు చేయాలి.

ఉద్యమాల్లో తిరిగినవాళ్లకు ఇంకో మాట. రాజకీయ గతం చూపించి ఉపాధ్యాయ ఉద్యోగం నిరాకరించడాన్ని 1983లోనే సుప్రీంకోర్టు తప్పుబట్టింది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. కానీ అది బడిపంతులు ఉద్యోగం గురించి. రహస్య పనులకు అదే కొలత పెడతారని నమ్ముకోవద్దు. 2022 జూన్ 17న అగ్నిపథ్ సైనిక నియామక పథకాన్ని వ్యతిరేకిస్తూ సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో జరిగిన హింస గుర్తుందా? రెండు రోజులకే సైనికాధికారులు చెప్పేశారు, అగ్నివీర్‌లుగా చేరేవాళ్లు హింసలో పాల్గొనలేదని హామీపత్రం ఇవ్వాలనీ, ఎఫ్ఐఆర్ ఉంటే కుదరదనీ. ఆ రోజు స్టేషన్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి పరిగెత్తిన పిల్లలే. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పెళ్లయిన, పెళ్లి కాబోతున్న అమ్మాయిలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇంటిపేరుతో. ఎంపిక మధ్యలో పుట్టింటి ఇంటిపేరు మార్చకండి, విచారణ పూర్తయ్యాక మార్చుకోవచ్చు. అత్తగారి ఊరి చిరునామా కూడా విచారణలోకి వస్తుంది. ఊళ్లోకి కానిస్టేబుల్ వచ్చి "ఫలానా అమ్మాయి ఎలాంటిది" అని అడిగితే పల్లెల్లో ఉత్తి పుణ్యానికి పుకార్లు లేస్తాయి. ఇరుగుపొరుగుకు ముందే "ఉద్యోగం విచారణకు వస్తారు" అని చెప్పి ఉంచితే అమ్మానాన్నలు నిశ్చింతగా ఉంటారు. మీరు రాసిన ఇద్దరు పెద్దమనుషులకూ ఫోన్ చేసి చెప్పండి. హెడ్మాస్టరుగారు తన పేరు రాశారని తెలియక తడబడిన సందర్భం నేను చూశాను.

ఇప్పటికే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఐటీ ఉద్యోగం చేస్తున్నవాళ్లు విచారణ పూర్తయ్యే దాకా రాజీనామా ఇవ్వకండి. మా పిల్లల్లో మూడు నెలల్లో అయిపోయినవాళ్లున్నారు, పదకొండు నెలలు పట్టినవాళ్లూ ఉన్నారు. కొన్ని సంస్థలు ఫారం తీసుకుని తాత్కాలికంగా చేర్చుకుని తరవాత విచారిస్తాయి, కొన్ని విచారణ అయ్యాకే పిలుస్తాయి. నియామక పత్రంలో "పూర్వాపరాల విచారణకు లోబడి" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. నోటీసు పీరియడ్ మూడు నెలలైతే, చేరే తేదీకి గడువు పొడిగించమని సంస్థకు ఉత్తరం రాయండి. మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఇలా చేయమంటాను. బీకాం, బీఏ అయితే ఐబీ. గేట్ బాగా వచ్చి హైదరాబాద్ కావాలంటే డీఆర్‌డీఓ. సబ్జెక్టు మీద ప్రేమ, ఇంటర్వ్యూ ధైర్యం ఉంటే బార్క్. మిగతా ఇంజినీర్లకు ఇస్రో. ఐటీఐ, డిప్లొమా వాళ్లు షార్, బార్క్, సెప్టామ్ మూడూ రాయండి, ఏది ముందు వస్తే అందులో చేరండి. ఏ దరఖాస్తు నింపినా మీ చిరునామాలు, తేదీలు, ఇంటిపేరు అన్నిట్లో అక్షరం తేడా లేకుండా ఉండేలా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుని, ప్రతి ఫారానికీ అందులోంచే ఎక్కించండి.